చైనా విద్యార్థులకు ‘టేక్’ ఏ వరుసలో చెప్పాలి?

చైనీస్ మాతృభాషగా ఉన్న పెద్దవాళ్లకు ఇంగ్లిష్ నేర్పుతున్నవారు దయచేసి సలహా ఇవ్వండి. ‘టేక్’ పక్కన విద్యార్థులు ‘నా’ అనే చైనీస్ పదం రాసుకుంటారు, అంటే చేత్తో తీసుకోవడం. చిక్కంతా ఆ తర్వాతే. చైనీస్‌లో మందును ‘తింటారు’, బస్సు ‘కూర్చుంటారు’. అందుకే ‘టేక్ మెడిసిన్’, ‘టేక్ ద బస్’ అనాల్సిన చోట ‘ఈట్ మెడిసిన్’, ‘సిట్ ద బస్’ వస్తాయి. ఇవి జంటపదాలుగా బట్టీ పట్టిస్తే కుదురుతున్నాయి.

నిజంగా కష్టమైంది ‘బ్రింగ్’తో తేడా. వాళ్ల క్రియ ‘దాయ్’ ఒక్కటే. చివర ‘లాయ్’ చేరిస్తే తేవడం, ‘ఛ్యూ’ చేరిస్తే తీసుకెళ్లడం. మన తీసుకురా, తీసుకెళ్లు లాగే. కాబట్టి ‘ఛ్యూ’ ఉంటే ‘టేక్’ అనే సూత్రం చాలావరకు పనిచేస్తుంది. కానీ ‘మీ ఇంటికి కేక్ తెస్తాను’ అనేచోట వాళ్లు ‘ఛ్యూ’ వాడతారు, ఇంగ్లిష్‌లో మాత్రం ‘బ్రింగ్’ రావాలి. వినేవాళ్లున్న చోటికైతే ‘బ్రింగ్’ అని చెప్పినా మాట్లాడేటప్పుడు తప్పుతున్నారు.

దీనికి ఎలాంటి అభ్యాసాలు ఇస్తున్నారు? ‘ఇట్ టేక్స్ టూ అవర్స్’ను ఇదే పాఠంలో కలపాలా, విడిగా చెప్పాలా? గంట క్లాసులో ‘టేక్’ వాడుకలు ఎన్ని దాటకూడదు? విమానం ‘టేక్ ఆఫ్’, బూట్లు ‘టేక్ ఆఫ్’ లాంటివి ప్రస్తుతానికి పక్కన పెట్టాను.