నేక్ చంద్ చేసింది కళా, కబ్జానా?

బాటసారి:
పోయిన నెల చండీగఢ్ వెళ్లి నేక్ చంద్ కట్టిన రాక్ గార్డెన్ చూశాం. తిరుగు రైల్లో మా బావమరిదితో మొదలైన వాదన ఇంకా తెగలేదు. మీరైనా తేల్చండి.

తెలియనివాళ్ల కోసం: నేక్ చంద్ 1924లో, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న ఒక పల్లెలో పుట్టాడు. విభజనప్పుడు ఊరు వదిలి ఇటొచ్చాడు. చండీగఢ్‌లో రోడ్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం. కొత్త నగరం కోసం అక్కడి పల్లెల్ని పడగొట్టారు కదా, ఆ శిథిలాల్లో పగిలిన గాజులు, పెంకులు, సింకు ముక్కలు ఏరుకొని, సైకిల్ మీద సుఖ్నా చెరువు దగ్గరి అడవిలోకి మోసుకెళ్లి, 1957 నుంచి దొంగచాటుగా బొమ్మలు చేశాడు. 1975లో బయటపడింది. అది ఏమీ కట్టకూడని ప్రభుత్వ భూమి. కూల్చేద్దామనుకున్నారు, జనం ఒప్పుకోలేదు. 1976లో తలుపులు తెరిచారు. తర్వాత జీతమిచ్చి, యాభై మంది కూలీలనూ ఇచ్చారు. 1984లో పద్మశ్రీ.

ఇది పర్యావరణ కళా, కబ్జానా? బావమరిది కబ్జా అంటాడు.

సివిల్ సుబ్బు:
ముందు ఆ "పర్యావరణ" అనే మాట తీసేయండి. ఆ బొమ్మల లోపలంతా సిమెంటే. పైన గాజుముక్కలు అతికిస్తే పర్యావరణం అయిపోతుందా? రాత్రిళ్లు వెలుతురు కోసం పాత టైర్లు కాల్చేవాడట. టైర్లు!

సర్వేనంబర్:
మీ బావమరిదికి నా నమస్కారాలు చెప్పండి. సర్కారు భూమిలో అనుమతి లేకుండా కడితే దాని పేరు కబ్జా. ఎంత బాగా కట్టావన్నది తర్వాతి సంగతి.

మునకూరోడు:
సర్వేనంబర్ గారూ, కబ్జా చేసేవాడు కంచె వేసి, ప్లాట్లు చేసి అమ్ముకుంటాడు. ఈయన పద్దెనిమిదేళ్లలో ఒక్క గజం కూడా అమ్ముకోలేదు. పగలు డ్యూటీ, రాత్రి అడవి. నేను 2011లో చూశాను. ఒక చోట ఆడవాళ్ల బొమ్మలు వరసగా నిలబడి ఉంటాయి, ఒంటినిండా గాజుముక్కలే. దగ్గరికెళ్లి చూస్తే ప్రతి ముక్కా వంపు తిరిగే ఉంది, అంటే ఒకప్పుడు ఎవరి చేతికో ఉన్నదే. మధ్యలో కొన్ని ద్వారాలు మరీ పొట్టివి, తల వంచితేగానీ పోలేం. కావాలనే అలా పెట్టాడు. ఊరు పోగొట్టుకున్నవాడు మళ్లీ ఊరు కట్టుకున్నాడు, నాకు అర్థమైంది అదే. ఆ పని విలువ అధికారులకు తెలిస్తే కదా! 1996లో ఆయన విదేశాలకు వెళ్లినప్పుడు నిర్వహణ డబ్బు ఆపేశారు, ఎవరెవరో వచ్చి బొమ్మలు విరగ్గొట్టారు. 2025లో హైకోర్టు పార్కింగ్ కోసం, రోడ్డు వెడల్పు కోసం గోడ కొంత పడగొట్టారు.

వేపపుల్ల:
మేమూ చూశాం. పిల్లలకి ఉయ్యాలలు నచ్చాయి. టాయిలెట్లు మాత్రం చూసుకోవాలి.

సివిల్ సుబ్బు:
సిమెంటు గురించి ఎవరూ మాట్లాడట్లేదు.

సర్వేనంబర్:
మునకూరోడు గారూ, అమ్ముకోలేదు కాబట్టి కబ్జా కాదంటారా? అయితే వినండి. మా నాన్న వాగు పక్కన పోరంబోకులో ఇరవై రెండేళ్లు పంక్చర్ షాపు నడిపాడు. ఆయనా అమ్ముకోలేదు. నాలుగు రేకులు, ఒక కంప్రెసర్, ఒక నీళ్ల తొట్టి. ఒకరోజు పొద్దున ఆరింటికి జేసీబీ వచ్చింది. సామాను తీసుకుంటామంటే పది నిమిషాలు టైమిచ్చారు. కంప్రెసర్ బయటికి లాగేలోపే రేకులు దాని మీద పడ్డాయి. నేక్ చంద్‌దీ సర్కారు భూమే, మాదీ సర్కారు భూమే. ఆయన బొమ్మలు చేశాడు, మా నాన్న పంక్చర్లు వేశాడు. ఆయనకి పద్మశ్రీ, మాకు నోటీసు కూడా లేదు.

మునకూరోడు:
మీ నాన్నగారికి జరిగింది అన్యాయమే. కానీ పంక్చర్ షాపునీ రాక్ గార్డెన్‌నీ ఒకే గాటన కట్టేస్తే ఎలా?

సర్వేనంబర్:
హా, వచ్చింది అసలు మాట. ఎందుకు కట్టకూడదు? నువ్వు టికెట్ కొని చూసింది గొప్పది, మేం బతికింది చెత్త. అంతేగా?

మునకూరోడు:
నేను అనని మాట నాకు అంటగట్టకు. మాదీ పోయిన ఊరే. శ్రీశైలం డ్యాం నీళ్లు 1981లో మా ఊరిని ముంచాయి. ఆ ఆఫీసు చుట్టూ మా తాత ఎన్నేళ్లు తిరిగాడో నాకు తెలుసు, పరిహారం అందే నాటికి ఆయన లేడు. భూమి పోవడం గురించి నాకు పాఠం చెప్పాల్సిన పని లేదు.

సర్వేనంబర్:
మరి తెలిసినోడివి అట్లా ఎట్లా మాట్లాడుతున్నావ్? ఆ గాజులు ఎవరివి? చండీగఢ్ కోసం ఊళ్లు ఖాళీ చేయించారే, ఆ ఆడవాళ్లవి. వాళ్లని ఎవరైనా అడిగారా? ఇళ్లు కూల్చింది ఆ సర్కారే, ఆ ముక్కల్ని తోటలో పెట్టి టికెట్ అమ్ముతున్నదీ ఆ సర్కారే. నేక్ చంద్ మంచోడే కావచ్చు, నేను కాదనను. కానీ జనం అటు పోయి బొమ్మలు చూసి మురిసిపోయి వస్తారు, ఇళ్లు పోయినోళ్ల లెక్క మాత్రం ఎవడూ అడగడు.

అడ్మిన్:
ఇద్దరూ కాస్త తగ్గండి. "నువ్వు"లు మానేయండి.

మునకూరోడు:
సరే, తగ్గి చెప్తాను. ఎండాకాలం డ్యాంలో నీళ్లు తగ్గితే, మునిగిన సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, మావాళ్లు దర్శనానికి వెళ్తారు. అక్కణ్ణుంచి మా ఊరి వైపు కూడా పోతాం. ఏమీ ఉండదు. ఎండి బీటలు వారిన ఒండ్రు, అక్కడక్కడా పునాది రాళ్లు. మా అమ్మ ఒక రాయి చూపించి, ఇది మన అరుగు అంటుంది. ప్రతిసారీ వేరే రాయి చూపిస్తుంది. మా ఊళ్లో ఎవడైనా ఒక పిచ్చోడు పుట్టి, ఆ రాళ్లు మోసుకెళ్లి గట్టు మీద ఏదో ఒకటి నిలబెట్టి ఉంటే బాగుండు అనిపిస్తుంది నాకు. అందుకే ఆయన్ని వెనకేసుకొస్తున్నాను. సర్కారుని కాదు.

సర్వేనంబర్:
మీకు రాయి దొరికితే చాలు. నాకు షాపు కావాలి. మనిద్దరికీ కుదరనిది అక్కడే.

మునకూరోడు:
చాలని నేననలేదు. అదైనా దక్కలేదన్నాను.

సర్వేనంబర్:
మీ అమ్మగారు చూపించే రాళ్లు, ఒక్కటైనా ఇంటికి తెచ్చుకోలేదా?

మునకూరోడు:
ఒకసారి తెచ్చాం. మెట్టు పక్కన పడేశాం. స్కూటర్ స్టాండ్ కింద పెడుతున్నాడు మా తమ్ముడు.

బాటసారి:
మా బావమరిదికి మొత్తం చదివి వినిపించాను. ఇప్పటికీ కబ్జానే అంటున్నాడు. కాకపోతే పంక్చర్ షాపు కబ్జా కాదంట.

సివిల్ సుబ్బు:
ఇంతకీ సిమెంటు సంగతి తేల్చలేదు.