సమస్య: "నిప్పు గుఱ్ఱమునకు నీళ్ళె మేత" – పూరణలు, పరామర్శ

నిర్వాహకులు:
కవిమిత్రులకు నమస్కారం. 2026 ఫిబ్రవరి 17న చైనావారి గుర్రపు సంవత్సరం మొదలైంది, అందులోనూ నిప్పు గుర్రం. ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను:

*నిప్పు గుఱ్ఱమునకు నీళ్ళె మేత*

వారి లెక్కలో పది కాండాలు (ఐదు తత్త్వాలు రెండేసి చొప్పున), పన్నెండు శాఖలు (ఒక్కోదానికి ఒక జంతువు) జతకట్టి అరవై ఏళ్ళ చక్రం తిరుగుతుంది. గుర్రానిది ఏడో శాఖ. అగ్నితత్త్వం, దక్షిణ దిక్కు, పగలు 11 నుంచి 1 దాకా దాని వేళ. పైన చేరే కాండాన్ని బట్టి 1954 కట్టె గుర్రం, 1966 నిప్పు, 1978 మన్ను, 1990 లోహం, 2002 నీరు. 2014లో మళ్ళీ కట్టె. గుర్రపు ఏట కాండమూ శాఖా రెండూ నిప్పే కావడం అరవై ఏళ్ళకొకసారి. మన లెక్కలో 1966 ఉగాదికీ, 2026 ఉగాదికీ వచ్చింది పరాభవ నామ సంవత్సరమే.

మంజీర:
మిట్టపగటి వేళ మెఱుపులా పరుగెత్తె
దాని కెంత దప్పి తగులు నొక్కొ!
గడ్డి వలదు, దాణ కాదిప్పు డడుగుట
నిప్పు గుఱ్ఱమునకు నీళ్ళె మేత.

నిర్వాహకులు:
మంజీర గారూ, గుర్రపు వేళను పట్టుకుని సూటిగా పూరించారు. అభినందనలు. 'మెఱుపులా' వ్యావహారికం. 'మెఱుపుగా' అంటే గణం చెడదు. అయితే ఈ పద్యం ఎండలో తిరిగిన ఏ గుర్రానికైనా సరిపోతుంది.

నాగావళి:
నీరు పోయ చెట్టు నిండుగా పెరుగును
చెట్టు రగిలి మంట చేవ పొందు
చీనవారి లెక్క చెప్పెడు తీరిదె
నిప్పు గుఱ్ఱమునకు నీళ్ళె మేత.

కృష్ణాతీరం:
రెండో పాదం చాలా బాగుంది, కాలే చెట్టుకు 'చేవ' అన్న మాట అందంగా కుదిరింది. అన్వయంలో మాత్రం చిక్కుంది. చైనావారి ఐదు తత్త్వాల్లో ఒకటి మరోదాన్ని పుట్టించే వరుసలో కట్టె నిప్పును, నిప్పు మన్నును, మన్ను లోహాన్ని, లోహం నీటిని, నీరు మళ్ళీ కట్టెను పుట్టిస్తాయి. అంటే నిప్పుకు అసలు మేత కట్టె. నీరు ఆ మేతకు మేత. అణచే వరుసకు వస్తే నీరు నిప్పుకు నేరుగా శత్రువు. నీటి శాఖ అయిన ఎలుక చక్రంలో గుర్రానికి సరిగ్గా ఎదురుగా ఉండేది అందుకే. సమస్యలోని విరోధమంతా అక్కడే ఉంది. దాన్ని ముందు చూపించి తర్వాత విప్పితేనే పూరణ రక్తి కడుతుంది. మొదటి పాదం ఇలా ఉంటే?

*నీరు నిప్పు నార్పు, నిలబెట్టు చెట్టును*

నాగావళి:
ఆర్యా, సవరణ శిరోధార్యం. ఆర్పేదీ అదే, పోషించేదీ అదే అని ఒక్క పాదంలో తేలిపోయింది.

కృష్ణాతీరం:
నా పూరణ. 1966లో జపానులో జరిగినదాన్ని తీసుకున్నాను. నిప్పు గుర్రపు ఏట పుట్టిన ఆడపిల్ల మొగుడి ఆయుష్షు తింటుందని అక్కడ పాత నమ్మకం. ఎడో (నేటి టోక్యో) నగరంలో ఇల్లు తగలబెట్టిన నేరానికి 1683లో మరణశిక్ష పడ్డ ఓషిచి అనే కూరగాయల అంగడివాడి కూతురు 1666లో, నిప్పు గుర్రపు ఏట పుట్టిందని చెప్పుకుంటారు. ఆ భయం మూడు వందల ఏళ్ళ తర్వాత కూడా పనిచేసింది. 1965లో దాదాపు 18.2 లక్షల కాన్పులైతే 1966లో 13.6 లక్షలే. మరుసటి ఏడాది మళ్ళీ 19 లక్షలు దాటాయి.

ఆ జపాను నేల నాడపిల్లను గన
కాదు పెండ్లి యనుచు కట్టుమాట
తల్లి కనుల పారు ధారలె సాక్ష్యము
నిప్పు గుఱ్ఱమునకు నీళ్ళె మేత.

మంజీర:
చదివి కాసేపు మాట రాలేదు. మనవైపు మూలా నక్షత్రంలో పుట్టిన పిల్ల మామగారికి చేటని సంబంధాలు తప్పించుకునేవాళ్ళు గుర్తొచ్చారు. 1966లో జపానులో సగటున స్త్రీకి జీవితకాలపు లెక్కన 1.58 కాన్పులు. 1989 లెక్క 1.57గా తేలితే, నిప్పు గుర్రపు ఏటికన్నా తక్కువా అని ఆ దేశం ఉలిక్కిపడింది.

నిర్వాహకులు:
ఈ సమస్యకు ఇంత బరువైన పూరణ వస్తుందనుకోలేదు. నీళ్ళను కన్నీళ్ళు చేయడం కొత్తేమీ కాదు గానీ, 'కట్టుమాట' దీన్ని నిలబెట్టింది. అది లేకుంటే కన్నీళ్ళు మేసే నేరం గుర్రం మీద పడేది. ఇక్కడ దోషం జాతకానిది కాదు, ఆ మాట పుట్టించిన నోళ్ళది. ఒక్క సందేహం. మొదటి పాదంలో 'ఆ' యతి కోసం వచ్చినట్టుంది. 'అరువదారులోన నాడపిల్లను గన' అంటే యతి నిలిచి సంవత్సరమూ తెలుస్తుంది కదా?

కృష్ణాతీరం:
సంవత్సరం తెలుస్తుంది గానీ దేశం పోతుంది. నిప్పు గుర్రం పుట్టిల్లు చైనా. ఆడపిల్లల మీద ఈ శాపం గట్టిగా వేళ్ళూనింది జపానులో. ఆ తేడా పద్యంలో ఉండాలి. 'ఆ' పాదపూరణానికి వచ్చిందన్నా సరే, జపానును వదులుకోలేను.

నిర్వాహకులు:
ఒప్పుకుంటున్నాను. అలాగే ఉండనివ్వండి.