విజయవాడ–హైదరాబాద్: విమానం నిజంగా తొందరగా చేరుస్తుందా?

కృష్ణలంక కుర్రోడు:
గన్నవరం నుంచి శంషాబాద్‌కి టికెట్ మీద గంటా పది నిమిషాలు వేస్తున్నారు. వందేభారత్‌లో సికింద్రాబాద్‌కి నాలుగుంబావు గంటలు. మూడు గంటలు కలిసొస్తుంటే, హైదరాబాద్‌కి విమానం కన్నా రైలే మేలని ఇక్కడ చాలామంది ఎలా అంటున్నారు?

కాజీపేట జంక్షన్:
ముందు దూరం చూడండి. రైలుకి కాజీపేట మీదుగా 350 కి.మీ., 65వ నంబరు హైవే మీద దాదాపు 275, రెండు ఎయిర్‌పోర్టుల మధ్య సూటిగా 265 ఉంటుంది. గంటా పదిలో గాల్లో ఉండేది సుమారు 40 నిమిషాలే. విమానం గేటు దగ్గర కదిలింది మొదలు అవతల ఆగేదాకా లెక్కేస్తారు కాబట్టి మిగతాదంతా నేల మీదే పోతుంది. ఎయిర్‌బస్ జెట్ అయినా, రెక్కల ఫ్యాన్లతో నడిచే చిన్న విమానం ఏటీఆర్ అయినా పెద్ద తేడా రాదు. ఏటీఆర్ వేగం గంటకి 500 కి.మీ., ఎయిర్‌బస్‌ది 800 పైనే, కానీ ఇంత దగ్గరికి అది పైకెక్కీ ఎక్కగానే దిగడం మొదలుపెట్టాలి. గన్నవరం రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. తూర్పుగాలి వీస్తుంటే ఏలూరు వైపు లేచి, వెనక్కి తిరిగి రావాలి.

బెంజ్ సర్కిల్:
ఇంటి గుమ్మం నుంచి లెక్కేస్తేనే అసలు సంగతి తేలుతుంది. బెంజ్ సర్కిల్ నుంచి ఎయిర్‌పోర్టుకి 40 నిమిషాలు పెట్టుకోండి, సాయంత్రమైతే రామవరప్పాడు రింగు, ఎనికేపాడు దగ్గర ఇంకా తింటుంది. బ్యాగు ఇవ్వాలంటే కౌంటర్ గంట ముందే మూసేస్తారు, అందుకని గంటన్నర ముందుండాలి. దిగాక బ్యాగు కోసం బెల్టు దగ్గర 25 నిమిషాలు, శంషాబాద్ నుంచి సికింద్రాబాద్‌కి ఇంకో గంట. మొత్తం నాలుగూ ముప్పావు. రైలుకి స్టేషన్ దాకా వెళ్లడం, ముందుగా ఉండడం కలిపినా ఐదు గంటలే. ఆ పావుగంట కోసం అంత డబ్బు దండగ.

కృష్ణలంక కుర్రోడు:
నేను వెళ్లేది గచ్చిబౌలికండీ. చేతిబ్యాగు ఒక్కటే.

కాజీపేట జంక్షన్:
అయితే విమానమే, అనుమానం వద్దు. వెబ్ చెక్-ఇన్ చేసుకుని గంట ముందుంటే చాలు. ఔటర్ రింగ్ రోడ్డు మీద 40 నిమిషాల్లో గచ్చిబౌలి. మొత్తం మూడూ ముప్పావు లోపే. రైలైతే సికింద్రాబాద్‌లో దిగి మళ్లీ ఊరంతా దాటాలి. ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ వాళ్లకి మాత్రం కారే మేలు, హైవే నేరుగా అక్కడే ఊళ్లోకి దిగుతుంది.

అరండల్‌పేట:
గుంటూరు వాళ్లు ఈ లెక్క పట్టుకోకండి. మనకి గన్నవరమే 55 కి.మీ., మధ్యలో మంగళగిరి, వారధి, బెజవాడ ట్రాఫిక్. తిరుపతి–సికింద్రాబాద్ వందేభారత్ గుంటూరులో ఆగి నల్గొండ మీదుగా పోతుంది, నాలుగు గంటల్లోపే. కాకపోతే రాత్రి బాగా పొద్దుపోయాక దిగుతాం.

బెంజ్ సర్కిల్:
ఇంకోటి. డిసెంబరు, జనవరిల్లో తొలి విమానాన్ని నమ్ముకుని పొద్దున మీటింగ్ పెట్టుకోవద్దు. గన్నవరం చుట్టూ కాలువలు, చేలు, తెల్లవారుజామున మంచు దట్టంగా పడుతుంది. రావాల్సిన విమానం పైనే తిరుగుతుంది, లేదా వెనక్కి పోతుంది. మనం ఎక్కాల్సింది చాలాసార్లు అదే. ఇంట్లో బయల్దేరేముందు మీ విమానం టైమింగ్ కాదు, హైదరాబాద్ నుంచి వచ్చేది లేచిందో లేదో చూడండి. తప్పనిసరి పనైతే ముందురోజు రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి లింగంపల్లిలో దిగండి, గచ్చిబౌలికి అది దగ్గర కూడాను.