సున్నిపిండిలో బావంచాలు వేయొచ్చా? చంటిపాపకు స్నానం గురించి

బైరాగిపట్టెడ అమ్మాయి:
మా పాపకు ఏడు నెలలు. పీలేరు నుంచి అమ్మ అరకిలో సున్నిపిండి పంపింది. పెసలు, శనగపప్పు, బియ్యం, కస్తూరి పసుపు, కచ్చూరాలు, బావంచాల గింజలు, వట్టివేరు, ఎండు గులాబీ రేకులు... మా ఇంట్లో ఎప్పుడూ ఇదే లెక్క. మొన్న టీకాకు తీసుకుపోతే పిల్లల డాక్టరు, ఒంటికి ఏం రాస్తున్నారని అడిగి, "బావంచాలు ఉంటే వద్దమ్మా" అన్నారు. మా అత్తేమో "నా కొడుకులిద్దరూ దాంతోనే పెరిగారు" అంటోంది. ఎవరి మాట వినాలి?

పుత్తూరు బావ:
అత్త మాట. ఇంట్లో ఉండాల్సింది ఆమెతో, డాక్టరుతో కాదు.

వట్టివేరు:
అమ్మాయీ, తిరుచానూరులో పదకొండేళ్లుగా సున్నిపిండి ఆడించి అమ్ముతున్నాను. బావంచాలు లేని సున్నిపిండి ఉప్పు లేని పప్పే. ఒంటి మీది నూనె జిడ్డును పిండి లాగేస్తుంది, బావంచాలు చర్మానికి పని చేస్తాయి. డాక్టర్లు సబ్బును మాత్రం వద్దనరు. సబ్బులో క్షారం ఎంతుంటుందో, పసిచర్మం ఎలా పొడిబారి గీతలు పడుతుందో ఎవరూ అడగరు. పైగా ఇప్పుడు సీసాలో వేలకు వేలు పెట్టి కొని ముఖానికి రాసుకుంటున్న బకుచియాల్ సీరం ఎక్కడిదనుకున్నారు? ఈ బావంచాల గింజలదే!

చిత్తూరు మందులంగడి:
అక్కా, సబ్బు గురించి మీరన్నది ఒప్పుకుంటాను. మామూలు సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది, చర్మానిది 5 దగ్గర. కానీ అడిగింది బావంచాల గురించి. వాటిలో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కందుతుంది, ఒక్కోసారి పొక్కుతుంది. అదీ అప్పుడే కాదు, ఒకటి రెండు రోజులకు బయటపడుతుంది. అది తగ్గాక నల్లమచ్చ నెలల తరబడి ఉండిపోతుంది. బొల్లికి బావంచాలు వాడేదీ ఈ గుణం వల్లే, అదీ వైద్యుడి లెక్క ప్రకారం. మన ఊళ్లలో పిల్లలకు నూనె రాసి ఎక్కడ కూర్చోబెడతారు? పొద్దుటి ఎండలో, వాకిట్లో. బకుచియాల్‌ను 1966లో మన దేశంలోనే వేరుచేశారు, నిజమే. సీరంలో వేసేది సోరాలెన్ తీసేసి శుద్ధి చేసిన సరుకు. గింజ వేరు, అది వేరు.

వట్టివేరు:
పదకొండేళ్లలో ఒక్క బిడ్డకు మచ్చ పడలేదు. నేను వేసేది గుప్పెడే. మీరు కిలోలు పోసినట్టు మాట్లాడుతున్నారు.

చిత్తూరు మందులంగడి:
ఎన్ని గ్రాముల గుప్పెడు? ఎంత పిండికి?

వట్టివేరు:
మా అవ్వ చేతి గుప్పెడు.

శేషాచలం నీడ:
చర్చలోకి దూరుతున్నందుకు ఏమనుకోకండి. సున్నిపిండిలో రక్తచందనం కూడా వేశామని అమ్ముతుంటారు. ఆ పొడి ఘుమఘుమలాడితే అది ఎర్రచందనం కాదు. మన కొండల్లో చెట్టుకు రంగే గానీ శ్రీగంధం వాసన ఉండదు. పొట్లంలో ఏముందో ఆ వెంకన్నకే తెలియాలి.

వట్టివేరు:
నేను రక్తచందనం వేయను. అడవి ఇలాకా వాళ్లతో తలనొప్పి నాకెందుకు?

మదనపల్లె మామ:
మా మనవరాలికి ఆర్నెల్లు రుద్దారు, ఏమీ కాలేదు. రంగు కూడా తేలింది.

చిత్తూరు మందులంగడి:
మామా, ఏ బిడ్డకైనా పుట్టినప్పటి రంగు నెలలు పోయేకొద్దీ మారుతూనే ఉంటుంది. పిండి పుణ్యం కాదు.
నా సంగతి చెబుతాను. మా చెల్లెలి పెళ్లికి ఇలాగే ఇంట్లో చేసిన నలుగుపిండి ఎవరో ఇచ్చారు. వారం రోజులు రుద్దుకుని మధ్యాహ్నం ఎండలో పెళ్లిపత్రికలు పంచడానికి తిరిగింది. పెళ్లినాటికి మెడ మీద, మోచేతుల మీద చారలు. ఫోటోలు చూసినప్పుడల్లా ఇప్పటికీ ఏడుస్తుంది. అందులో ఏముందో అడిగితే ఇచ్చినామె, "అన్నీ ఆకులు, గింజలే, నేచురల్" అంది. జిల్లేడు పాలూ నేచురలే కదా! చివరికి బావంచాలో, నిమ్మతొక్కో తెలియనే లేదు. నిమ్మతొక్కకూ ఎండతో ఇదే పేచీ.

వట్టివేరు:
ఎవరో చేసిన దానికి నన్నంటారా?

చిత్తూరు మందులంగడి:
మిమ్మల్ని అనలేదు. మీ పొట్లం మీద ఏమేం ఉన్నాయో రాస్తారా, అంతే అడుగుతున్నాను. అమ్మే సరుకైతే రాయాలి. 2020లో వచ్చిన కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం అమ్మకానికి తయారుచేస్తే లైసెన్సు కావాలి, దినుసుల పేర్లు లేబుల్ మీద ఉండాలి.

వట్టివేరు:
ఇదా అసలు సంగతి! మందులంగడి పెట్టుకుని కూర్చున్నాయన ఇంట్లో నాలుగు పొట్లాలు కట్టుకునే ఆడమనిషికి రూల్స్ చెబుతున్నాడు. పట్టించండి బాబూ, పోయి పట్టించండి. పుత్తూరులో విరిగిన ఎముకకు కట్టు కట్టించుకున్నవాళ్లు పసరు ఏ ఆకుదని చీటీ అడిగారా? పసుపు మనదే అనుకుంటూ ఉంటే 1995లో అమెరికావాళ్లు దాని మీద పేటెంట్ పుచ్చుకోలేదా? గుట్టు బయటపెడితే అదే గతి.

పుత్తూరు బావ:
మా ఊరిని లాగకండక్కా, నేను జోక్ వేసి తప్పుకున్నా.

చిత్తూరు మందులంగడి:
పసుపు కథ పూర్తిగా చెప్పండి మరి. గాయాలు మాన్పే గుణం మీద ఆ పేటెంట్. 1997లో రద్దయింది. మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ దేంతో గెలిచింది? పాత సంస్కృతం, ఉర్దూ గ్రంథాలు, 1953లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన వ్యాసం ముందు పెట్టి. ఎవరో ఎప్పుడో రాసిపెట్టారు కాబట్టి పసుపు మనకు మిగిలింది. మీ అవ్వ గుప్పెడు ఎక్కడ రాసుంది?

వట్టివేరు:
నోట్‌బుక్‌లో రాసే పెట్టాను. ఆరేళ్ల కిందట మా తోటికోడలు చూసి ఇస్తానని తీసుకుపోయింది. ఈ రోజు ఆమె పొట్లం మీద ఆమె బొమ్మ ఉంది, నా లెక్క ఉంది, ధర నాకు రెండింతలు. ఇన్‌స్టాగ్రామ్‌లో "మా అమ్మమ్మ రహస్యం" అని పెట్టుకుంది. వాళ్ల అమ్మమ్మకు సున్నిపిండి మొహమే తెలియదు. లేబుల్ రాయమంటే నాకు కనిపించేది మీ రూలు కాదు, ఆ నోట్‌బుక్కు.

శేషాచలం నీడ:
అయ్యో. అది ముందే చెప్పుంటే ఇంత దూరం వచ్చేది కాదు కదక్కా.

చిత్తూరు మందులంగడి:
అది నాకు తెలియదు. పట్టిస్తానని నేనైతే అనలేదు. కొలతలు ఎవరూ అడగరక్కా, రూల్సూ అడగవు. పేర్లు చాలు.

వట్టివేరు:
పేర్లు రాస్తాను. "ఎండకు ముందు వాడవద్దు" అని కూడా రాస్తానులే. బావంచాలు మాత్రం మానను.

చిత్తూరు మందులంగడి:
చంటిపిల్లలకు వద్దని కూడా రాయండి. పిండి దుమ్ము కళ్లలో, ముక్కులో పడుతుంది, అది వేరే గొడవ.

వట్టివేరు:
అది ఆలోచించాలి. నా బేరం సగం బాలింతల ఇళ్లలోనే.

బైరాగిపట్టెడ అమ్మాయి:
మీ ఇద్దరి గొడవ చదివి భయమేసి అమ్మకు ఫోన్ చేశాను. ఈసారి అంగట్లో దొరకలేదని అసలు బావంచాలే వేయలేదంట.

చిత్తూరు మందులంగడి:
నిమ్మతొక్క?

బైరాగిపట్టెడ అమ్మాయి:
అది బాగానే వేసిందంట. మా పెరటి చెట్టుదే.