హైదరాబాద్ సిటీలో బిజీ ఫైర్ స్టేషన్ ఏది? బేగంబజార్ బిల్డింగ్ మంటలు ఎవరికైనా గుర్తున్నాయా?

పాత_లీడింగ్_ఫైర్‌మన్:
గౌలిగూడలో పదకొండేళ్లు చేశాను, ఇప్పుడు రిటైర్డ్. అప్పట్లో సిటీలో ఎక్కువ కాల్స్ ఏ స్టేషన్‌కి పడేవో మీ మీ అనుభవాలు రాయండి. ఇంకో సంగతి. బేగంబజార్‌లో ఒక బిల్డింగ్, కింద ప్లాస్టిక్ సామాన్ల గోడౌన్, పైన మూడంతస్తుల్లో కాపురాలు. దీపావళి రాత్రి అంటుకుంది. మెట్ల దగ్గర పెట్టిన స్కూటర్లు తగలబడుతుంటే పైకి దారి లేదు. ముఖాలకు తడి తువ్వాళ్లు కట్టుకుని, వెనక గల్లీలో నిచ్చెన వేసి పదకొండు మందిని దించాం. నిచ్చెన కింద పట్టుకున్న మనిషి మా స్టేషన్ వాడు కాదు. ఎవరో ఇప్పటికీ తెలియదు.

జీడిమెట్ల_బండి:
బిజీ అంటే జీడిమెట్లే అన్నా. కాల్స్ ఎన్ని అని కాదు, ఎన్ని గంటలు నిలబడ్డాం అన్నది చూడాలి. మీకు చెత్తకుప్ప మంట కూడా ఒక కాల్ కిందే లెక్క. మాకు ఫ్యాక్టరీల్లో సాల్వెంట్ డ్రమ్ములు, అంటే ఇట్టే అంటుకునే రసాయనాలు. నీళ్లు కొడితే మంట నీళ్ల మీద తేలి పక్క షెడ్డుకి పోతుంది. మంటను కప్పే నురగ, ఫోమ్, అయిపోతే ఇంకో బండి వచ్చేదాకా దూరం నుంచి డ్రమ్ములు చల్లబరుస్తూ కూర్చోవాలి. ఒక డ్యూటీకి ఎక్కి మూడో డ్యూటీకి దిగిన రోజులున్నాయి.

సికింద్రాబాద్_సైడ్:
గంటల లెక్కే అయితే మా వైపు ఒక్క ఏడాది చూడండి. 2022 మార్చి 23న భోయిగూడ స్క్రాప్ గోడౌన్, పైన పడుకున్న బీహార్ కూలీలు 11 మంది పోయారు. దిగడానికి ఉన్నది ఒక్కటే సన్నటి ఇనుప మెట్లు. సెప్టెంబర్ 12న సెల్లార్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి, 8 మంది పోయారు. 2023 జనవరి 19న మినిస్టర్ రోడ్డులో డెక్కన్ మాల్. మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్, ఆరుగురు పోయారు. ఇవన్నీ ఏడాది లోపలే. డెక్కన్ మాల్‌లో లోపలంతా బట్టల బేళ్లు. పైన నీళ్లు పడితే కింద పొరలో నిప్పు అలాగే ఉండేది. బిల్డింగ్ వేడి తగ్గక లోపలికి అడుగు పెట్టలేకపోయాం.

బీఏ_సెట్_2019:
పెద్దలు మన్నించాలి. తడి తువ్వాలు మాట ఇలా రాయకండి. కొత్త పిల్లలు చదువుతున్నారు. తడి గుడ్డ మసిని కొంత ఆపుతుంది, కార్బన్ మోనాక్సైడ్‌ని అస్సలు ఆపదు. ఆ గ్యాస్ రక్తంలో ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. వాసన లేదు, రంగు లేదు. స్వప్నలోక్‌లో ఐదో అంతస్తులో పోయిన పడుచు పిల్లల్ని చంపింది మంట కాదు, పొగ.

పాత_లీడింగ్_ఫైర్‌మన్:
తమ్ముడూ, ఆ రాత్రి మా బండిలో రెండే బీఏ సెట్లు, అదే వీపున గాలి సిలిండర్, ముఖానికి మాస్క్ ఉండేవి. ఒక దాంట్లో గాలి లేదు. పైన ఒక తల్లి పిల్లని కిటికీ గ్రిల్‌కి ఆనించి పట్టుకుని అరుస్తోంది. నువ్వయితే సెట్ వచ్చేదాకా కింద ఆగుతావా? గొప్ప కోసం కట్టలేదు తువ్వాలు. నాకు ఇప్పటికీ మెట్లెక్కితే ఆయాసం.

బీఏ_సెట్_2019:
మీ ధైర్యాన్ని అనలేదు సార్. మీకు ఆ ఆయాసం వచ్చినందుకే అంటున్నాను. గాలి లేని సెట్‌ని బండిలో పెట్టి పంపినవాళ్ల మీద రావాలి కోపం, నా మీద కాదు.

ట్రైనింగ్_చేతులు:
పదిహేనేళ్లు బీఏ డ్రిల్ నేర్పాను, లెక్క నేను చెబుతా. ఆరు లీటర్ల సిలిండర్, 300 బార్ ఒత్తిడి. అంటే 1800 లీటర్ల గాలి. నిమిషానికి 40 లీటర్లు పీలిస్తే 45 నిమిషాలు. అందుకే 45 నిమిషాల సెట్ అంటాం. అది తెలియకుండా ఎవరూ మాట్లాడొద్దు.

జీడిమెట్ల_బండి:
డ్రిల్ గ్రౌండ్‌లో 45. నిండా నీళ్లున్న హోస్ ఈడ్చుకుంటూ మూడో అంతస్తు ఎక్కితే 40 లీటర్లేం సరిపోతాయి? పాతిక నిమిషాలకే గాలి అయిపోతోందని సెట్ విజిల్ మోగింది నాకు. 45 అని నమ్మి లోపలికి పోయినవాడు బయటికి రావడానికి గాలి మిగుల్చుకోడు. ఆ మాట క్లాసులో చెప్పేవారా మీరు?

ట్రైనింగ్_చేతులు:
చెప్పేవాణ్ణి. గేజ్ చూసుకోమని గొంతు పోయేలా అరిచేవాణ్ణి. వినని వాళ్లకి నేనేం చేయను!

మొఘల్‌పురా_గల్లీ:
అందరూ సెట్ల మీదే పడ్డారు. గుల్జార్ హౌజ్ మాట ఎవరూ ఎత్తలేదే? 2025 మే 18, ఆదివారం పొద్దున్నే. మంటల్లో 17 మంది పోయారు, అందులో ఎనిమిది మంది పిల్లలు. నేను ఫైర్ వాణ్ణి కాదు, ఆ పక్కనే పుట్టి పెరిగాను. చార్మినార్ కనిపించేంత దూరం. ముందు దుకాణాలు, వాటి మధ్య సొరంగంలాంటి దారి, లోపల మీటరు వెడల్పు మెట్లు. పాతబస్తీలో అలాంటి ఇళ్లు వందలున్నాయి. మా ఇల్లూ అంతే. ఆ రోజు నుంచి మెట్ల కింద బండి పెట్టనివ్వడం లేదు నేను. ఇంట్లో రోజూ గొడవే.

స్టీరింగ్_డీఓపీ:
మొఘల్‌పురా అన్న చెప్పిందే అసలు సంగతి. నాది డ్రైవింగ్. 54 మీటర్ల ఎత్తుకు లేచే బ్రాంటో నిచ్చెన బండి ఉంది కదా అంటారు జనం. అది కాళ్లు చాపి నిలబడాలంటే రోడ్డంత జాగా కావాలి. గల్లీలో కరెంటు తీగలు, కేబుల్ వైర్లు, రెండు పక్కలా కార్లు. మూడు వందల అడుగుల అవతల బండి ఆపి హోస్‌లు కలుపుకుంటూ ఉరికేది మేమే. ఆలస్యంగా వచ్చారని కొట్టడానికి వచ్చేదీ మా మీదికే. ఒకసారి అద్దం పగలగొట్టారు. ఇక 101కి ఆటకి ఫోన్ చేసేవాళ్ల గురించి వేరే టాపిక్ పెట్టాలి.

జీడిమెట్ల_బండి:
పెట్టన్నా, నా దగ్గర రాసేది చాలా ఉంది. కానీ బాల్కనీలకి వెల్డింగ్ చేసిన గ్రిల్స్ సంగతి కూడా అందులోనే పెట్టు. కట్టర్‌తో ఒక్కో కమ్మీ కోస్తుంటే లోపల దగ్గు ఆగిపోవడం విన్నాను నేను.

ముషీరాబాద్_నైట్:
ఇవాళే చూశాను ఇది. పాత లీడింగ్ ఫైర్‌మన్ గారూ, మీ బేగంబజార్ వెనక గల్లీలో మురుగు కాలువ మూత లేదు, గుర్తుందా? నిచ్చెన ఒక కాలు అందులోకి జారబోతే రాయి పెట్టి, భుజం ఆనించి పట్టుకున్నాను. 35 అడుగుల నిచ్చెన. చివర దిగింది పచ్చ చీర ముసలమ్మ, చంకలో దేవుడి పటం. మా బండి వేరే కాల్ నుంచి తిరిగొస్తూ మీ మంట చూసి ఆగింది. మీ ఊపిరి ఎలా ఉందిప్పుడు? ఎవరికైనా చూపించుకుంటున్నారా?