నిలబడితే కాళ్లు లాగేస్తాయి, కూర్చుంటే తగ్గిపోతుంది: అమ్మకి స్పైనల్ స్టెనోసిస్, ఆపరేషన్ తప్పదా?

గోదారిగట్టు
అమ్మకి 68 ఏళ్లు, షుగర్ ఉంది. కొన్నాళ్లుగా కాస్త దూరం నడిస్తే చాలు, పిరుదుల దగ్గర మొదలై పిక్కల దాకా లాగేస్తోంది. పాదాల్లో తిమ్మిర్లు, మంటలు. గుడిలో ఒక్క ప్రదక్షిణ పూర్తవకుండానే అరుగు వెతుక్కుంటుంది. కూర్చుంటే కాసేపటికే తగ్గిపోతుంది. ఎమ్మారైలో నడుం కింది భాగంలో ఎల్4-ఎల్5 పూసల దగ్గర కెనాల్, అంటే నరాలు వెళ్లే దారి, బాగా ఇరుకైందని వచ్చింది. దీన్నే స్పైనల్ స్టెనోసిస్ అంటారట. నరాల నొప్పికని రాత్రికి ప్రెగాబలిన్ 75 రాశారు. స్క్రూలు, రాడ్లు వేసి ఆపరేషన్ చేయాలంటున్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఇది పడినవాళ్లు చెప్పండి.

పాతసైకిల్
మా నాన్నగారిదీ అచ్చం ఇదేనండీ. ముందుకి వంగితే నరాలు వెళ్లే దారి కాస్త తెరుచుకుంటుంది, వెనక్కి వాలితే ఇంకా ఇరుకవుతుంది. అందుకే సూపర్ మార్కెట్లో ట్రాలీ మీద వాలి ఎంతసేపైనా తిరిగేవారు, గేటు దగ్గర నిలబడి ఎవరితోనైనా మాట్లాడాలంటే మాత్రం కాళ్లు మొద్దుబారిపోయేవి. ఫిజియో వ్యాయామాలన్నీ దీన్నిబట్టే ఇచ్చారు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు గుండెల మీదికి లాక్కోవడం, పొట్ట కండరాలు గట్టిపడేవి, కదలని సైకిల్ తొక్కడం. నడక మానొద్దన్నారు. నొప్పి మొదలవగానే కూర్చోవాలి, తగ్గాక మళ్లీ నడవాలి. ఇప్పుడు పాల బూత్ దాకా ఆగకుండా వెళ్లొస్తున్నారు. అమ్మగారిని పొయ్యి దగ్గర నిలబడేటప్పుడు ఒక కాలు చిన్న పీట మీద పెట్టుకోమనండి, కాలు మారుస్తూ ఉండాలి. ఎవరో చెప్పారని భుజంగాసనం లాంటివి మాత్రం చేయించకండి.

షుగర్_లెక్కలు
షుగర్ ఉందన్నారు కాబట్టి ఒక్కమాట. పాదాల మంటలన్నీ వెన్ను నుంచే వస్తున్నాయని అనుకోకండి. పడుకున్నా, రాత్రంతా రెండు పాదాలూ మండుతుంటే అది షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నదీ కావచ్చు. ఆపరేషన్ చేసినా ఆ మంట పోదు. మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్లుగా వేసుకుంటున్నవాళ్లకి బి12 తగ్గుతుంది, అదీ చూపించండి. ఇంకోటి, కూర్చోకుండా ఊరికే ఆగి నిలబడినా పిక్కల నొప్పి తగ్గిపోతుంటే కాళ్లకి రక్తం సరిగా అందట్లేదేమో. పాదం మీద నాడి చూడమని అడగండి.

వరంగల్_కోడలు
మా అత్తమ్మకి కూడా ప్రెగాబలినే ఇచ్చిన్రు. రాత్రిళ్లు మంటలు తగ్గినయి, నిద్రపట్టింది. నడిచే దూరం మాత్రం ఏం పెరగలేదు. పైగా పొద్దున లేస్తే తూలుడు, మడమల దగ్గర వాపు. బాత్రూంకి గోడ పట్టుకుని పోయేది. కిడ్నీలు ఎట్ల పనిచేస్తున్నయో చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, చూస్తే ఎక్కువుంది. ఈ మందు కిడ్నీల నుంచే బయటికి పోవాలంట, అందుకని డాక్టర్ డోసు తగ్గించిన్రు. మీ అమ్మగారికి కూడా ఆ టెస్ట్ చేయించండి. మత్తుగా ఉందని ఒక్కసారిగా ఆపేయొద్దు, మెల్లగా తగ్గించాలె. తర్వాత డులోక్సెటిన్ అనే ఇంకో నరాల నొప్పి మందుకి మార్చిన్రు, అది ఆమెకు పడింది. నొప్పి బిళ్లలు షాపులో కొని రోజూ మింగించకండి, కిడ్నీలు పోతయి.

న్యూజెర్సీ_నాన్న
నేను వెన్నులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకున్నాను. కొన్ని వారాలు హాయిగా ఉంది, అమ్మాయి పెళ్లి పనులు చూసుకోగలిగాను. తర్వాత నొప్పి తిరిగొచ్చింది. 2014లో ఇక్కడ 400 మంది మీద చేసిన పరిశోధనలో, ఆ చోటు మొద్దుబారేలా చేసే మందు ఒక్కటే ఎక్కించినవాళ్లకీ, స్టెరాయిడ్ కలిపి ఎక్కించినవాళ్లకీ ఆరు వారాలకి చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. అందుకని పదేపదే వేయించడం నాకు నచ్చదు. షుగర్ కొన్ని రోజులు బాగా పెరుగుతుంది, రోజూ చూసుకోవాలి. రక్తం పల్చబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి.

బందరు_మాస్టారు
ఆపరేషన్ చేయించుకున్నవాణ్ణి. నాకు నరాల మీద ఒత్తిడి పెడుతున్న ఎముకా, పూసల్ని కలిపి ఉంచే, మందమైపోయిన లిగమెంటూ తీశారు, స్క్రూలు వేయలేదు. 2016లో స్వీడన్‌లో 247 మందిని గమనిస్తే, ఒత్తిడి తీయడంతో పాటు స్క్రూలతో బిగించినా అదనంగా మేలు కనపడలేదు. పూస జారి, అటూఇటూ కదులుతుంటే సంగతి వేరు. అందుకే ముందుకీ వెనక్కీ వంగి తీసే ఎక్స్‌రే తీయించి, ‘మా అమ్మకి స్క్రూలు ఎందుకు?’ అని నేరుగా అడగండి. ఇంకో సర్జన్‌కి చూపించడంలో మొహమాటం వద్దు. నాకు కాళ్లు లాగడం పోయింది. నడుం నొప్పి ఉంది, బొటనవేలి తిమ్మిరీ పూర్తిగా పోలేదు. ఎమ్మారైలో ఏం రాశారన్నదొక్కటే కాదు, ఆవిడ ఎంత దూరం నడవగలుగుతున్నారో చూసి నిర్ణయించుకోండి.

పాతసైకిల్
మాస్టారు గారి మాటకి తోడు ఇంకొకటి. మూత్రం బిగబట్టినట్టు ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, పాదం ఎత్తలేక చెప్పు జారిపోతున్నా అప్పుడు ఫిజియో, మందులు అంటూ ఆగకండి. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

గోదారిగట్టు
అందరికీ ధన్యవాదాలండీ. ఆ లక్షణాలేవీ లేవు. పాదంలో నాడి బాగానే ఉందన్నారు. బి12 తక్కువుంది, ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. పూస జారలేదు. రెండో డాక్టరు గారు ముందు ఫిజియో చేసి చూద్దామన్నారు. మాస్టారు గారూ, ఒకవేళ ఆపరేషనే అయితే ఆ తర్వాత కింద కూర్చోనిచ్చారా? అమ్మ పూజంతా పీట మీదే.

బందరు_మాస్టారు
మొదట్లో వద్దన్నారమ్మా. వంగడం, బిందెలు ఎత్తడం కూడా. నేను కుర్చీలో కూర్చుని, దేవుడి పటాలు బల్ల మీద పెట్టుకున్నాను. మీ సర్జన్ గారినీ అడగండి, ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు.