అమెరికా వాళ్ళ ఇంగ్లీషు మీకు ఎలా వినిపిస్తుంది?

డల్లాస్_కొత్తోడు:
నేను డల్లాస్ వచ్చి ఐదు నెలలైంది. చిన్నప్పట్నుంచీ ఇంగ్లీషు మీడియమే, సినిమాలు సబ్‌టైటిల్స్ లేకుండా చూస్తానని కాస్త పొగరు కూడా ఉండేది. మొదటి వారంలోనే దిగిపోయింది. శాండ్‌విచ్ షాపులో కౌంటర్ దగ్గరమ్మాయి "ఫ్రియర్డగో?" అంది. మూడుసార్లు అనిపించుకుని, ఇంక సిగ్గేసి "యెస్" అన్నాను. "ఫర్ హియర్ ఆర్ టు గో?", అంటే ఇక్కడే తింటావా, పట్టుకెళ్తావా అని అడిగిందట! దానికి యెస్ అంటే ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది, ప్యాక్ చేసి చేతిలో పెట్టింది. బయట చలిలో నిలబడి తిన్నాను.

మొన్న ఇంకా ఘోరం. ప్రాజెక్ట్ పార్ట్‌నర్ రెండింటికి రాలేనన్నాడు, నాకేమో వస్తానన్నట్టు వినిపించింది. లైబ్రరీలో నలభై నిమిషాలు ఒక్కణ్ణే కూర్చున్నాను. వాళ్ళు నిజంగా అంత స్పీడా, లేక నా చెవుల్లోనే ఏదైనా తేడానా? వేరే దేశాల్లో ఉన్నవాళ్ళు కూడా చెప్పండి.

ఆస్టిన్_బాబాయ్:
స్పీడ్ కాదు తమ్ముడూ, మింగేస్తారు. మనం తెలుగులో ప్రతి అక్షరాన్నీ పలుకుతాం, అదే అలవాటు ఇంగ్లీషుకీ వస్తుంది. వాళ్ళు మాటలో ఒక్కచోట బరువేసి మిగతాది నలిపేస్తారు. "ఫోటోగ్రాఫ్"లో బరువు మొదట్లో ఉంటుంది, అదే "ఫొటోగ్రఫీ" అనేసరికి రెండో అక్షరం మీదికి పోయి "ఫటాగ్రఫీ" అవుతుంది. నీ లైబ్రరీ కథ కూడా ఇదే. "వస్తాను" అనేటప్పుడు వాళ్ళు "క్యాన్" అని నిండుగా అనరు, "ఐ క్‌న్ కమ్" అని నలిపేసి "కమ్" మీద బరువేస్తారు. "క్యాన్" అని నిండుగా వినపడిందంటే చాలాసార్లు అది "క్యాన్ట్", చివరి ట గొంతులోనే ఆగిపోయి ఉంటుంది. అసలు తంటా ఏంటంటే మనం "ఐ క్యాన్ కమ్" అని స్పష్టంగా చెప్తే వాళ్ళకి రానన్నట్టు వినపడుతుంది! మా మేనేజర్ నా గురించి ఏడాది పాటు ఏమనుకున్నాడో దేవుడికే తెలియాలి.

ఇంక ట సంగతి. రెండు అచ్చుల మధ్య ట వస్తే, రెండో దాని మీద బరువు లేకపోతే, నాలుక అలా తగిలించి వదిలేస్తారు. అది మన డకీ రకీ మధ్యలో ఉంటుంది. "వాటర్" అని గట్టిగా అంటే హోటల్లో మొహం చూస్తారు, "వాడర్" అంటే గ్లాసు వస్తుంది. "రైటర్", "రైడర్" దాదాపు ఒకటే. న తర్వాత వచ్చి, వెనక అచ్చు మీద బరువు లేకపోతే ట చాలాసార్లు మాయమవుతుంది: ట్వెనీ, ఇనర్‌నెట్.

నైట్‌షిఫ్ట్_అక్క:
హైదరాబాద్‌లో ఆరేళ్ళు అమెరికా కాల్స్ తీసుకున్నాను. అమెరికా యాస అని ఒక్కటి లేదు బాబూ, మనకి శ్రీకాకుళం, నెల్లూరు, కరీంనగర్ ఉన్నట్టే. దక్షిణాది రాష్ట్రాల్లో చాలామందికి "పిన్", "పెన్" రెండూ ఒకటే. అలబామా నుంచి ఒకాయన ఫోన్ చేసి రెండు డజన్ల "పిన్స్" ఆర్డర్ ఇచ్చాడు, నేను గుండుసూదులు అని ఎంటర్ చేశాను. పార్సిల్ అందాక మళ్ళీ ఆయన కాలే, నాకే వచ్చింది, నా ఖర్మ. అక్కడివాళ్ళు తమలో తాము కూడా తేడా తెలియడానికి "ఇంక్ పెన్" అంటారని అప్పుడే తెలిసింది. బోస్టన్ పాతతరం వాళ్ళయితే "పార్క్"లో ర పలకరు, "పాఃక్" అంటారు.

లెస్టర్_నర్స్:
ఇంగ్లండ్‌లో ఇంకో లోకం. మా వార్డులో ఇంగ్లీషు వాళ్ళు అమెరికన్లని అనుకరించాలంటే చేసేవి రెండే: ముక్కుతో మాట్లాడటం, ప్రతి ర నీ నాలుక మడిచి సాగదీయటం. "అసలు ఇంగ్లీషు మాది, వాళ్ళు పాడు చేశారు" అని ఒక పెద్దాయన రోజూ అంటుంటాడు, నేను బీపీ చూస్తూ ఊఁ కొడతాను.

భాషల_పిచ్చి:
ఆయనకి చెప్పండి నర్స్ గారూ, ఆ ర మొదట్లో ఇంగ్లండ్‌దే. వలసవాళ్ళు అమెరికా వెళ్ళేనాటికి ఇంగ్లండ్‌లో ఎక్కువమంది పలికేవారు. ర వెనకాల అచ్చు రాకపోతే ఆ ర ని వదిలేయడం తర్వాత లండన్ వైపు నుంచి పాకింది. న్యూయార్క్, బోస్టన్ దాన్ని గొప్పగా పట్టుకున్నాయి, రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆ ఫ్యాషన్ తిరగబడింది. 1962లో విలియం లబోవ్ అనే భాషావేత్త న్యూయార్క్‌లో మూడు డిపార్ట్‌మెంట్ స్టోర్లకి (అన్నిరకాల వస్తువులూ అమ్మే పెద్ద దుకాణాలకి) వెళ్ళి, నాలుగో అంతస్తులో ఉన్న వస్తువు ఎక్కడుందని అడిగాడు, జవాబుగా "ఫోర్త్ ఫ్లోర్" అనిపించడానికి. ఖరీదైన దుకాణంలో ర ఎక్కువ వినపడింది, చవక దుకాణంలో తక్కువ. వినపడనట్టు నటించి మళ్ళీ అడిగితే ర ఇంకొంచెం పెరిగింది. షాపు గుమాస్తా నోట్లో ర విని దుకాణం స్థాయి చెప్పేయొచ్చన్నమాట!

జపాన్ వాళ్ళయితే ఆ "వాడర్"ని "వారా" అని వింటారు, వాళ్ళ ర నాలుక అలా తగిలి వదిలేదే కాబట్టి.

డల్లాస్_కొత్తోడు:
బాబాయ్, ఈరోజు "వాడర్" అన్నాను, ఒక్కసారికే వచ్చింది. ఐసు మాత్రం గ్లాసు నిండా వేశారు.

ఆస్టిన్_బాబాయ్:
ఐసు వద్దనడం వేరే పాఠం. మా మనవరాలు ఇక్కడే పుట్టింది, ఏడేళ్ళు. నిన్న అన్నం తింటూ "థాతా, ఖారం ఎక్కువైంది" అంది. మొదటి అక్షరానికి గాలి తగిలిస్తుంది, ఎంత చెప్పినా పోదు. "పళ్ళు" అనమంటే "పల్లు" అంటుంది. మా ఆవిడ నవ్వితే, "అమ్మమ్మా, నీ ఇంగ్లీష్ కూడా అంతే" అంది.